బేరంలో ముట్టని మంచినీళ్లు

రేపల్లె దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఎకరం చేనుని, చెప్పిన ధరలో సగానికి కొన్నవాణ్ణి నేను. తొంభైల మొదట్లో మాట. అంతటి బేరం ఆ చుట్టుపక్కల అంతకుముందు ఎవరూ ఆడలేదు. ఆ తరవాతా ఆడలేదు. ఊరికే ఇస్తామన్నా ఆ చేను తీసుకునేవాళ్లు లేకపోయారు.

మాది తెనాలిలో కిరాణా కొట్టు. నాన్న ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్లందరికీ బియ్యం తూచాడు గానీ, సొంత చేలో పండిన అన్నం ఒక్క పూటా తినలేదు. "మన బియ్యం కాటా ఎక్కించకుండా వండుకు తినాలిరా" అనేవాడు. ఆయనకున్న కోరిక అదొక్కటే. అది నేను తీర్చాలనుకున్నాను, అదీ చవగ్గా.

నా లోకజ్ఞానమంతా పొట్లాలు కట్టే పాత పేపర్లదే. ఒకరోజు ఒక సగం కాగితంలో భూమి వేడెక్కుతోందని రాశారు. చలిదేశాల్లో మంచు కరుగుతోందట. ఆఫ్రికాలో ఎక్కడో వానల్లేక పశువులు పోతున్నాయట. సముద్రం మధ్య చిన్న దీవులవాళ్లు ఇళ్లలోకి నీళ్లొస్తాయని బెంగపడుతున్నారట. వేడి ఒకటే, దెబ్బ మాత్రం ఒక్కోచోట ఒక్కో రకం. "మన దగ్గరైతే" అన్న మాట దగ్గర కాగితం చిరిగిపోయింది. మిగతా సగంలో అప్పటికే ఎవరికో అర్ధకిలో పెసరపప్పు కట్టిచ్చేశాను.

నాన్నకి చదివి వినిపిస్తే "దీవులవాళ్లు పాపం" అన్నాడు.

"మనకేం నాన్నా, కాలవుంది" అన్నాను.

చేను ఒక ముసలమ్మది. గట్టు మీద పాక, పక్కన బావి. వేసవి కాబట్టి నేల ఖాళీగా ఉంది. బెల్లం దిమ్మ చూసినట్టు మట్టిని గిల్లి, నలిపి చూశాను. పైన తెల్లగా మెరుస్తోంది. మంచి నేల కాబోలు, అందుకే మెరుస్తోందనుకున్నాను.

"ఎండన పడొచ్చావు, ముందు మా బావి నీళ్లు కాసిని తాగు బాబూ" అంది ముసలమ్మ.

మా కొట్లో ఒక నియమం ఉంది. బేరం తెగేదాకా ఎదుటివాళ్ల మంచినీళ్లు ముట్టకూడదు. గొంతు చల్లబడితే మాట మెత్తబడుతుందని నాన్న నేర్పిన పాఠం. "ఇప్పుడొద్దు పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "సరే, ఓ రెండు వేలు తగ్గించుకో" అంది. బేరానికి నేనింకా నోరే విప్పలేదు.

ఈసారి గ్లాసు చేతికే ఇవ్వబోయింది. "రుచి చూడు బాబూ, తరవాత నన్ననకూడదు."

"వద్దులే పెద్దమ్మా, నాకు తెలుసు."

నాకు తెలిసింది మా నియమం. ఆవిడకి అర్థమైంది వేరు. "తెలిసే వచ్చావన్నమాట" అని నిట్టూర్చి ఇంకాస్త దిగింది. మూడోసారి తల అడ్డంగా ఊపితే సగానికి వచ్చేసింది. నా మౌనంలో ఇంత మహత్తు ఉందని అప్పటిదాకా నాకే తెలీదు.

బయానా ఆవిడ చేతిలో పెట్టి, ఇక పర్వాలేదని గ్లాసెత్తాను. ఉప్పు. ఉమ్మేస్తే పరువు పోతుందని మింగాను.

"నేను కాపురానికొచ్చినప్పుడు కొబ్బరినీళ్లలా ఉండేవి" అంది ముసలమ్మ. "ఏటికేడు పాడైపోతున్నాయి. కాలవ నీళ్లు మా దాకా ఎప్పటికో గాని రావు. సముద్రం పోటుకి మురుక్కాలవ ఎదురు పారుద్ది. పక్కన రొయ్యల చెరువులొకటి. నీకు తెలుసన్నావుగా?"

బయానా వదిలేసి వెనక్కి తిరగొచ్చు. కానీ సగం ధరకొచ్చిన సరుకుని వదిలిపెట్టడం మా వంశంలో లేదు.

"కొనేముందు తాగి చూశావా?" అన్నాడు నాన్న, ఇంటికొచ్చి ఉప్పు సంగతి చెప్పగానే.

"నువ్వేగా తాగొద్దన్నావు."

"అది పంచదార బస్తాలు కొనేటప్పుడురా." కాటా తుడుస్తూ, "అయితే దీవులవాళ్లలో మనమూ చేరామన్నమాట" అన్నాడు.

ఆ వారమే బాపట్ల నుంచి వచ్చిన మేనమామ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా ఇసకలో దొరువు తవ్వితే ఇప్పటికీ తియ్యటి నీళ్లే. కాకపోతే గాలివానొస్తే తోట మిగలదు. మీ తెనాలోళ్లకి కాలవ పారినంత కాలం ఉక్కపోత ఒక్కటే బాధ. కాలవ చివరోళ్లకి మాత్రం అన్నీ కలిసొస్తాయిరా అల్లుడూ."

పెసరపప్పుతో వెళ్లిపోయిన సగం కాగితంలో ఉన్నది ఇదే అయి ఉంటుంది.

అయినా వరి నారు పోసి ఊడ్చాం. చేను మచ్చలు మచ్చలుగా పచ్చబడి, మచ్చలు మచ్చలుగా మాడింది. రెండు బస్తాలొచ్చాయి, ఒకటి గింజలేని తాలు. రెండోది మర పట్టించి కాటా ఎక్కించకుండానే వంటింట్లో పెట్టాం. నాన్న మారు వడ్డించుకుని, "మెతుకు బావుందిరా" అన్నాడు. ఆ మాటకి నేను బేరమాడలేదు.

లెక్క దాచను. ఆ బియ్యం కిలో, మా కొట్లో అమ్మే బియ్యానికి అయిదింతలు పడింది, అదీ చేను ధర కలపకుండా. ముసలమ్మ మోసం ఇందులో పైసా లేదు, మూడుసార్లు గ్లాసు అందించింది. సముద్రం వాటా ఎంతో, రొయ్యల చెరువుల వాటా ఎంతో విడదీయడం నాకు చేతకాదు. నా వాటా తెలుసు. పోయింది ఎకరం ధర, ఒక ఏటి సాగు. వచ్చింది ఇంటిల్లిపాదికీ నెల రోజుల అన్నం, ఒక గ్లాసు ఉప్పునీళ్లు.