తడి గడ్డి కట్టలు

నిన్న మనుమడు కొట్టంల గడ్డి కట్ట విప్పంగనే బూజు వాసన గుప్పుమన్నది. నాకు వెంటనే మా నాయిన మీద కోపమొచ్చింది. ఆయన పోయి పదేండ్లాయె, ఆ కోపం మాత్రం పోలేదు.

నాకప్పుడు తొమ్మిదేండ్లు. ధర్మాబాద్ దిక్కు మా ఊరికి మొదటిసారి గడ్డి కట్టే మిషన్ వచ్చింది. పాత ట్రాక్టర్ ఒకటి దగ్గుకుంట దాన్ని గుంజుతుంటే, వెనక నుంచి సుతిలి తాడుతో బిగించిన కట్టలు పెట్టెల లెక్క పడుతుండె. జొన్న సొప్పను మేము పొద్దుగాల మంచు పదును మీదనే కడతం, లేకుంటే ఆకు రాలిపోతది. వరిగడ్డికి కూడా అదే పద్ధతి అనుకున్నడు నాయిన. "బిందెతోని నీళ్లు తెచ్చి గడ్డి మీద మంచిగ చల్లు" అన్నడు నాతోని.

ట్రాక్టర్ నడిపే మరాఠీ ఆయన కిందికి దిగిండు. "కాకా, ఓలా నకో, తడపొద్దు. తడి గడ్డి కడితే లోపల కుళ్లుతది."

"నువ్వు ట్రాక్టర్ నడుపు. సేద్యం నాకు నేర్పకు" అన్నడు నాయిన. నేను ఇంకో బిందె తెచ్చిన.

ఎండకాలంల కట్టలు విప్పితే లోపలంతా నల్లగ బూజు. ఎద్దులు మూతి తిప్పుకున్నయి. చూడనీకి వచ్చిన నలుగురి ముందట నాయిన, "ఈ పోరి నీళ్లు ఎక్కువ గుమ్మరించింది" అన్నడు. తెలియక చేసిండంటే నేను ఊకుందును. తెలిసినంక తన తప్పు పిల్ల నెత్తిన పెట్టిండు. నేను మాత్రం నా చెయ్యే చెడ్డదనుకున్న.

ఆ ఎండకాలమంతా నా వంతు జొన్నరొట్టెల సగం తుంచి ఎద్దులకు పెట్టిన. నాయిన రోజూ చూసిండు. ఒక్కనాడు కూడా వద్దనలేదు.