బోరు మెకానిక్కు పెట్టిన పరీక్ష

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, ఒక వానాకాలంలో, సుచిత్ర కూడలి దాటాక మేడ్చల్ రోడ్డు మీదున్న ఒక ఆసుపత్రిలో వెన్నెముక సర్జరీ విభాగానికి పెద్దగా చేరాను. పెద్ద అంటే రౌండ్లలో నా వెనక నలుగురు నడవాలి, నేను ఏం చెప్పినా తల ఊపాలి. ఆ హోదా నాకు బాగానే నచ్చింది.

ఆ నెలలోనే లాల్‌గడి మలక్‌పేట్ నుంచి యాదగిరి అనే బోరు మోటార్ల మెకానిక్కును తీసుకొచ్చారు. రేకుల షెడ్డు మీంచి పడ్డాడు. నడుములో ఒక పూస చితికి, ఎముక ముక్క నరాల మీదికి జరిగింది. కుడికాలు అప్పటికే తిమ్మిరెక్కుతోంది, ఆలస్యమైతే పడిపోతుంది. చితికిన పూసకు పైపూసలో రెండు, కిందిపూసలో రెండు టైటానియం స్క్రూలు దించాలి. వాటి తలల గాడిలో కడ్డీలు కూర్చి, పైన చిన్న మూత స్క్రూలు బిగించాలి.

సంతకానికి ముందు రోగికి అన్నీ వివరించాలని నియమం. నేను మాటలతో ఆగలేదు. స్క్రూలు, కడ్డీలు అమర్చిన ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ తెప్పించి, జూనియర్లు చూస్తుండగా మూత స్క్రూ చకచకా తిప్పాను. మూత గాట్లు కింది గాట్లలో వంకరగా ఇరుక్కుని, అర చుట్టు తిరిగి పట్టేసింది.

యాదగిరి వెల్లకిలా పడుకునే నవ్వాడు.

"మర అడ్డమెక్కింది సారూ. బొమ్మకే బిగియ్యరాకపాయె, ఇగ నా నడుముకేం బిగిస్తరు?"

సంతకం చేయనన్నాడు. నాకు ఒళ్లు మండింది. సిస్టర్ విజయ మాస్కు చాటున నవ్వుతోందని ఆమె భుజాలే చెప్పాయి. కానీ అవతల కాలు పోతోంది. ఏం చేస్తే ఒప్పుకుంటావని అడిగాను. బొమ్మకున్న నాలుగు మూతలూ తన ముందే బిగించాలట.

"ముందుగాల ఎన్కకు తిప్పున్రి. మర మొదలు దొరికితే టక్కుమంటది. గప్పుడు ముంగటికి."

ఈ కిటుకు నాకు తెలియనిది కాదు, జూనియర్లకు నేర్పిందే నేను. అయినా స్టూలు లాక్కుని, పరీక్ష రాసేవాడిలా ఒక్కొక్కటే బిగించాను. యాదగిరి నాలుగింటినీ వేలితో తడిమి చూసి, పెన్ను అడిగాడు.

ఆ మధ్యాహ్నమే ఆపరేషన్. ప్రతి మూతనూ ముందు వెనక్కి తిప్పి, టక్కుమనేదాకా ఆగాను. విజయ పైకే లెక్కపెట్టింది.

ఆరు వారాలకు యాదగిరి నడుముకు బెల్టుతో, తన కాళ్ల మీదే వచ్చాడు. ఎక్స్‌రే వంక చూడనైనా లేదు.

"టక్కుమన్నదా సారూ?" అన్నాడు.

నాలుగుసార్లూ అన్నదని చెప్పాను.

నేను నేర్చుకున్నది ఇంతే. స్క్రూను ముందు వెనక్కి తిప్పాలి. మన వెనక నలుగురు నిలబడి చూస్తుంటే మరీ.