పద్మలతకు మంగళవారం సెలవు

చౌరస్తా దగ్గరి పెద్ద చీరల దుకాణంలో పనిచేసే పద్మలతకు వారానికో రోజు సెలవు ఉంది. లేదంటే కళ్ళు పోతాయి. తలుపు పక్కన అద్దాల బోర్డులో ఎవరికి ఏ రోజు సెలవో పేర్లతో సహా రాసి ఉంది. ఆమెది మంగళవారం.

పూర్వం ఆదివారం వస్తే బజారంతా షట్టర్లు దించేది. ఏడాది పొడుగునా తెరుచుకోండి, కానీ ప్రతి మనిషికీ వారానికో సెలవివ్వండి అని సర్కారు అన్నాక, యజమాని రాజేశ్వర్ రావు మొదటి మాటను పండగలా, రెండో మాటను పథ్యంలా పాటించాడు. ఆదివారం గిరాకీ ఎక్కువ. అందుకని ఆ సెలవు పనివాళ్ళలో అందరికంటే పాతదైన రాజక్కకు ఒక్కదానికే దక్కింది.

మంగళవారం సెలవు పద్మలతకు దేనికీ పనికిరాదు. భర్త పోయాక ఆమెకు మిగిలింది కూతురు మేఘన. ఆ పిల్ల రఘునాథపల్లి అవతల గురుకులంలో ఆరో తరగతి చదువుతోంది. అక్కడ తల్లిదండ్రులను లోపలికి రానిచ్చేది నెలకో ఆదివారమే. మిగతా రోజుల్లో ఇంద్రుడు దిగొచ్చినా గేటు తీయరు.

సంగతి తెలిసి రాజక్క కోప్పడింది. "ఇన్నొద్దులు నోరు మూసుకొని ఎట్ల ఉన్నవే పిచ్చిదానా? ఆ ఒక్క ఐతారం నాది నువ్వు తీస్కో, నీ మంగళారం నాకియ్యి. సారుకు నేను చెప్త."

చీరలు చూపించే గద్దె మీద మనిషి తక్కువ కాకుంటే చాలనుకుని రాజేశ్వర్ రావు సారు తల ఊపాడు. ఆ నెల పద్మలత కోడికూర వండుకుని పోయింది. తల్లి ఒళ్ళోంచి మేఘన సాయంత్రం దాకా లేవలేదు. కొన్ని నెలలు అలాగే హాయిగా గడిచాయి.

అలాంటి ఒక ఆదివారం, పద్మలత గురుకులంలో ఉండగా, దుకాణానికి లేబర్ ఆఫీసరమ్మ వచ్చింది.

ఆ దుకాణంలో పాత అలవాటు ఒకటుంది. పెళ్ళిళ్ళ కాలంలో రిజిస్టరులో చూపిన లెక్కకు మించి పనివాళ్ళను పెట్టుకోవడం, ఆఫీసర్లు వస్తే ఎక్కువైన వాళ్ళు గద్దె ముందు పరుపు మీద కూర్చున్న కొనేవాళ్ళలో కలిసిపోవడం. ఆ విద్య కొత్త పిల్లలందరికీ నేర్పింది రాజక్కే. బోర్డు ప్రకారం ఆ రోజు తాను ఉండకూడని మనిషినని గుర్తొచ్చి, ఆమె గద్దె దిగి వర్ధన్నపేట నుంచి వచ్చిన పెళ్ళివాళ్ళ మధ్య కూలబడింది.

"బిడ్డా, గా ఆకుపచ్చది తియ్యి. అంచు జర పెద్దగుండాలె."

ఒంటి మీద దుకాణం యూనిఫాం చీర, మెడలో పేరున్న కార్డు! పెళ్ళివాళ్ళు పకపకా నవ్వారు. ఆఫీసరమ్మ నవ్వలేదు. కార్డు చూసింది, బోర్డు చూసింది. సెలవునాడు పని చేయిస్తున్నారని తేల్చింది. రాజక్క అప్పుడు నిజం చెప్పింది గానీ, అబద్ధం వెనకాల వచ్చే నిజాన్ని నమ్మేదెవరు?

"మార్చుకుంటే ఆ సంగతి ముందే బోర్డులో రాస్తే సరిపోయేది కదమ్మా" అని, ఆఫీసరమ్మ సారు చేతిలో నోటీసు పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు సారు పద్మలతను పిలిచాడు. "సట్టం మీ కోసమే పెట్టిండ్రు. ఇగ బోర్డుల ఎట్లున్నదో అట్లనే. మార్చుడు గీర్చుడు లేదు."

"బోర్డు మీదనే మార్చి రాయుండ్రి సార్. నీ కాల్మొక్త."

"నీకు మారిస్తే రేపు అందరు అడుగుతరు."

చేయి కాలినవాడితో వాదించి లాభం లేదు. మానేసి పోదామంటే పక్క దుకాణాల్లోనూ ఆదివారం దొరకదు. రాజక్క మాత్రం "నీ బిడ్డను నీకు దూరం చేసిన గదనే" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పద్మలతకు ఆమె మీద కోపం రాలేదు. వస్తే కొంత బరువు తగ్గేదేమో.

మళ్ళీ గురుకులం ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం పద్మలత దుకాణం మెట్ల మీద అన్నం తింటుంటే మేఘన ఫోన్ చేసింది.

"అమ్మా, నేను ఏడ్వలే. మా క్లాసు శ్రీజ వాళ్ళమ్మ నాకు గూడ తినిపిచ్చింది."

"కడుపునిండ తిన్నవా బిడ్డా?"

"తిన్న. కని... ఎవలమ్మ వస్తె వాళ్ళనే ఆడ కూసోనిస్తరు గదా. కొత్త మేడం అడిగితే, ఆమెనే మా అమ్మ అని చెప్పిన. తిట్టవు గదా?"

పద్మలత చేతిలోని ముద్దను డబ్బాలో వేసి మూత పెట్టింది.

"తిట్ట బిడ్డా. వచ్చే నెల గూడ అట్లనే చెప్పు."