గుర్రం రాని పెళ్లికి సాక్ష్యం

నా పెళ్లి అసలు జరిగిందా అని ఒక ప్రభుత్వానికి అనుమానం వచ్చింది. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. మేం పంపిన ఫోటోలు చూస్తే ఎవరికైనా వస్తుంది.

నా భార్య కెనడాలో నర్సు. మా పెళ్లికి నాలుగేళ్ల ముందే వెళ్లి అక్కడ శాశ్వత నివాసం సంపాదించుకుంది. పెళ్లికి సెలవు మీద వచ్చి, పద్దెనిమిది రోజులు నాతో కాపురం చేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండేళ్లు మా సంసారమంతా ఫోన్‌లోనే. నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. చివరికి విజిటర్ వీసా దొరికితే రాజీనామా ఇచ్చి ఆమె దగ్గరికి వెళ్లాను. భార్య హామీ ఉంటే విజిటర్‌గా ఉంటూనే అక్కడి నుంచి శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్లు తేల్చేదాకా ఉండనిస్తారు. కాదన్నారంటే పెట్టె సర్దుకోవాలి, మళ్లీ ఫోన్ సంసారం మొదలు.

నేను వెళ్తున్నానని తెలిసినప్పుడు మా ఊరు బోధన్‌లో నవ్వని మనిషి లేడు. మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో మా మేనమామకు ఒక బల్ల ఉంది. అక్కడ కూర్చుని ఆయన ప్రపంచంలో ప్రతిదాని మీదా తీర్పు చెబుతాడు. నా గురించి కూడా చెప్పాడు. "పెండ్లాం కొంగు పట్టుకొని పోతున్నడు మావోడు. ఆమె డ్యూటీకి పోతె గీయన బాసండ్లు తోముతడు" అన్నాడట. జీవితంలో తను తాగిన గ్లాసు కూడా కడగని మనిషి. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే నేనూ అప్పటికి అదే బాపతు మనిషిని.

బస్టాండ్ దగ్గర మెట్లెక్కితే ఒక వీసా కన్సల్టెంటు ఉండేవాడు. గోడ మీద ఏడు దేశాల జెండాలు, ఆయన మాత్రం నాందేడ్ దాటి పోయినవాడు కాదు. వెళ్లేముందు సలహా అడిగితే కళ్లు మూసుకుని చెప్పాడు.

"ఫోటోలు గ్రాండుగ ఉండాలె సార్. వాళ్లు సూసేది గవే. పెండ్లి ఆల్బమ్ తీస్కపోండ్రి, ఇంకేం అడగరు."

నేను చదువుకున్నవాణ్ణి కదా, వెంటనే నమ్మేశాను. ఆరు కిలోల ఆల్బమ్‌ను దాని వెల్వెట్ పెట్టెతో సహా మోసుకెళ్లాను. దాని కోసం మా అవ్వ, అంటే అమ్మ, కట్టిచ్చిన పచ్చళ్లు తీసి పక్కన పెట్టాను. ఆ పచ్చళ్లు తెచ్చి ఉంటే కనీసం తినేవాళ్లం.

ఆ ఆల్బమ్ ఎలాంటిదో మా దిక్కు వాళ్లకు చెప్పక్కర్లేదు. మా ఫోటోగ్రాఫర్‌కు ఉన్నది ఉన్నట్టు చూపించడమంటే చేతకానితనం. మొదటి పేజీలో మేమిద్దరం మంచు కొండల మధ్య నిలబడి ఉంటాం, నా కాళ్లకు పారాణి, చుట్టూ మంచు. తర్వాతి పేజీలో పారిస్ టవర్ కింద. ఇంకో దాంట్లో హంసలున్న చెరువులో పడవ మీద. మా ఇద్దరికీ తెలిసిన చెరువు నిజామాబాద్‌లోదే, అందులో గుర్రపుడెక్క తప్ప హంసలు లేవు. పెళ్లికూతురు ముఖం నాలుగు పేజీల్లో అదే చిరునవ్వుతో ఉంటుంది, ఎందుకంటే అది ఒకటే ఫోటో. అన్నింటికంటే గొప్ప పేజీ మా నాన్నది. ఆయన మా పెళ్లికి మూడేళ్ల ముందే పోయారు. ఇంట్లో ఉన్న పాత ఫోటో నుంచి ఆయన్ను కత్తిరించి, పట్టు కండువా కప్పి, మా వెనక నిలబెట్టి, అక్షింతలు వేస్తున్నట్టు అతికించాడు. అది చూసి మా అవ్వ ఏడ్చింది, చుట్టాలందరూ ఫోటోగ్రాఫర్‌ను మెచ్చుకున్నారు. మా వైపు ఇది మామూలే. పోయినవాళ్లు పెళ్లికి వస్తారు, అలిగి రానివాళ్లు కూడా ఆల్బమ్‌లో వస్తారు.

మేం ఆ పేజీలన్నీ శుభ్రంగా స్కాన్ చేసి దరఖాస్తుకు జత చేశాం. నా భార్య ఒక్కసారి అడిగింది, "గీ కొండలయ్యి కూడ పెట్టాల్నా?" అని. నేను కన్సల్టెంటు గొంతుతోనే జవాబిచ్చాను. పిల్లలకు కాంతి పాఠం చెప్పి బతికినవాణ్ణి నేను. ఆ ఫోటోల్లో ఒక్కో మనిషి నీడ ఒక్కో దిక్కు పడింది. నాకు కనిపించలేదు.

ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఎవరికో కనిపించింది. కొన్ని నెలల తర్వాత ఉత్తరం వచ్చింది, చాలా మర్యాదగా ఉంది. ఇంతకు ముందు ఏ దేశమూ వెళ్లలేదని మీరు ఫారంలో రాశారు, ఫోటోల్లో ఫ్రాన్సులో ఉన్నారు. మీ తండ్రి పెళ్లికి ముందే మరణించారని రాశారు, ఫోటోలో ఆయన మిమ్మల్ని దీవిస్తున్నారు. ఈ ఫోటోలు తయారు చేసినవిగా కనిపిస్తున్నాయి కాబట్టి, మీ వివాహం నిజమైనదని మాకు నమ్మకం కలగడం లేదు. ముప్పై రోజుల్లో వివరణతో, అసలు ఆధారాలతో ఇద్దరూ ఇంటర్వ్యూకు రండి. సారాంశం అది. దాన్ని నా భార్య రెండుసార్లు చదివి మడిచి పెట్టింది. తను రెండేళ్లు ఒంటరిగా ఎదురుచూసి తెచ్చుకున్న మొగుణ్ణి, ఒక బోధన్ ఫోటోగ్రాఫర్ అతికించిన హంసల వల్ల వెనక్కి పంపించేలా ఉన్నారు. నాకు భయమేసింది. భయపడ్డప్పుడు నేను అందరి మీదా అరుస్తాను, కాబట్టి ఫోటోగ్రాఫర్‌కు ఫోన్ చేసి అరిచాను.

"అసలు ఫోటోలు లేవు సార్. డిజైన్ చేసినంక అయ్యి తీసేస్తం, ఉంచుకొని ఏం జేస్తం?" అన్నాడు, ఏ మాత్రం తడబడకుండా. "వీడియో ఉన్నది. పాటలు పెట్టకముందుది. అంతా ముడిసరుకు. గది అక్కెరకొస్తదా?"

అక్కరకొస్తుందన్నాను. ఆ ముడిసరుకులో ఏముందో గుర్తు తెచ్చుకోవాల్సినవాణ్ణి నేనే. గుర్తు చేసుకోలేదు. మన గురించి మనం చేసుకునే ఎడిటింగు ముందు ఫోటోగ్రాఫర్లు ఎందుకూ పనికిరారు.

ఒక ఆదివారం పొద్దున చాయ్ కప్పులు పట్టుకుని ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. మొదట వచ్చింది ఎదుర్కోళ్లు. పెళ్లికొడుకు వాళ్లు ఫంక్షన్ హాలు దగ్గరికి రాగానే ఆడపిల్ల వాళ్లు ఎదురొచ్చి, షర్బత్ ఇచ్చి, నవ్వులాటలాడి లోపలికి తీసుకెళ్లే తంతు అది. ఆ సమయంలో పెళ్లికూతురు లోపల గౌరీపూజలో ఉంటుంది. బయట ఏం జరిగిందో ఆమెకు ఎవరైనా చెబితేనే తెలియాలి. నేను ఆమెకు చెప్పింది, రైల్వే గేటు పడి ఆలస్యమైందని.

వీడియోలో రైల్వే గేటు లేదు. హాలు ముందే పూలు కట్టిన కారు ఉంది, అందులో నేను ఉన్నాను. కారు పక్కన మా మామగారు, అంటే ఆమె బాపు, రెండు చేతులతో షర్బత్ గ్లాసున్న పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నారు. బాల్కొండ నుంచి వచ్చిన మనిషి. పసుపు మార్కెట్లో బస్తాలు మోసి, భార్య బీడీలు చేసి, ఇద్దరూ కలిసి బిడ్డను నర్సింగ్ చదివించారు. ధర్మాబాద్ నుంచి ఊరేగింపుకు గుర్రం తెప్పిస్తానని ఆయన మా మేనమామకు మాట ఇచ్చారు. గుర్రంవాడు ఫోన్‌లో మరాఠీలో ఏదో చెప్పి రాలేదు. జరిగింది అంతే.

"దిగుండ్రి సారూ. ముహూర్తం దాటిపోతున్నది. గుర్రంది నాదే తప్పు" అంటున్నారు ఆయన. సొంత అల్లుణ్ణి సారూ అని పిలిచేవారు.

కారులోంచి మా మేనమామ గొంతు, "గుర్రం లేకుంట నడిసి రానీకె మావోడు బిచ్చానికి వచ్చిండా?"

తర్వాత నా గొంతు వచ్చింది. అది నాది కాదని చెప్పుకోవడానికి వీల్లేకుండా స్పష్టంగా ఉంది. పాఠం చెప్పీ చెప్పీ మాటలు విడివిడిగా పలకడం నాకు అలవాటు.

"నీ బిడ్డ నాలుగేండ్లు ఒక్కతే ఉన్నది. రాత్రి డ్యూటీలని ఏడేడ తిరిగిందో మేం అడిగినమా? ఒక్క గుర్రం తేలేకపోయినవా నువ్వు?"

ఆయన పళ్లెంలో గ్లాసు జరగకుండా బొటనవేలితో ఆపారు. మా వైపు వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, అది కూడా వినిపించింది.

నా భార్య వీడియో ఆపలేదు. నేను కారు దిగేదాకా చూసింది. మూలన టైము కనిపిస్తోంది. ముప్పై ఎనిమిది నిమిషాలు. గుర్రం రాలేదు, చివరికి నడిచే వెళ్లాను.

"రైల్వే గేటు" అంది.

నేను చల్లారిన చాయ్ తాగాను.

"బాపు నాకు ఎన్నడు చెప్పలే" అంది. కప్పులు రెండూ తీసుకుని లేచింది. "గిదే ఇద్దాం. మన పెండ్లిల నిజంగ ఉన్నది గిదొక్కటే."

వద్దని నేను చాలా తెలివైన కారణాలు చెప్పాను. లోపలి పెళ్లి తంతు ఒక్కటే కత్తిరించి ఇద్దామన్నాను, జీలకర్ర బెల్లం సరిపోతుందన్నాను. కత్తిరించిన దానితోనే ఇక్కడిదాకా వచ్చాం కదా అంది. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు తిరిగి అరవడానికి అవకాశం దొరికేది.

ఇంట్లోవాళ్లు అనువదిస్తే ఆఫీసు ఒప్పుకోదు. ధ్రువీకరించిన అనువాదకుడు కావాలి. కెనడాలో మేమున్న ఊళ్లో దొరికినాయన కోస్తా వైపు పెద్దమనిషి, రిటైరైన లెక్చరరు. మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వీడియో ఆపుకుంటూ వాక్యం వాక్యం టైపు చేశాడు. షర్బత్‌కు ఏం రాయాలో, ఎదుర్కోళ్లకు ఏం రాయాలో అడిగాడు. నా వాక్యం దగ్గర చేతులు ఆగిపోయాయి. నన్ను చూడకుండా ఆమెను అడిగాడు.

"ఇది కూడా రాయమంటారా అమ్మా? వినపడలేదని రాసెయ్యొచ్చు."

"వినవడ్డది కదండి. ఒక్క మాట ఇడువకుండ రాయండి" అంది.

ఆయన రాశాడు. ఇంగ్లీషులో ఆ వాక్యం ఇంకా పొడుగైంది. తప్పులున్నాయేమో చూడమని కాగితం నాకిచ్చాడు. తప్పులేమీ లేవు, అన్నీ నేను అన్నవే.

ఇంటర్వ్యూలో ఒక అధికారిణి కాగితం ముందు పెట్టుకుని వీడియో చూసింది. మా నాన్న ఫోటో గురించి అడిగితే నా భార్య చెప్పింది. పోయిన పెద్దల్ని ఆల్బమ్‌లో కలుపుకోవడం మాకు అలవాటనీ, మోసం చేయాలని కాదనీ చెప్పింది. మంచు కొండల సంగతికి వచ్చేసరికి అధికారిణి పెదవులు బిగపట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికే అనుకుంటాను. నవ్వితే నవ్వనీ, ఆ కొండలు దానికే తగినవి. తర్వాత నన్ను అడిగింది.

"ఆ కారు పక్కన నిలబడిన పెద్దాయన ఎవరు?"

"నా భార్య తండ్రి."

"మీరు ఎందుకు దిగలేదు?"

"గుర్రం రాలేదని."

ఆమె అది రాసుకుంది. ఒక దేశపు సర్కారు కాగితాల్లో నా పేరు పక్కన ఆ మాట ఉండిపోయింది. డిగ్రీలు, అనుభవం, మంచి నడవడికకు పోలీసు ధ్రువపత్రం, ఇవన్నీ తెచ్చుకున్నాను. పనికొచ్చింది మాత్రం నా నీచత్వం. అబద్ధపు పెళ్లి చేసుకునేవాడెవడూ గుర్రం కోసం ముప్పై ఎనిమిది నిమిషాలు అలిగి కూర్చోడని ఆమెకు తోచి ఉంటుంది. "నాకింకేం ప్రశ్నలు లేవు" అంది. అది నన్ను కాదు, నా భార్యను చూస్తూ అంది.

కొన్ని వారాలకు ఆమోదం వచ్చింది. మీ వివాహం నిజమైనదని నిర్ధారించుకున్నామని రాశారు. నా భార్య డ్యూటీ నుంచి వచ్చి ఇంకా బూట్లు విప్పలేదు, ఫోన్ ఆమె ముందు పెట్టాను. చదివింది. నేను నవ్వుతూ నిలబడ్డాను, శభాష్ అంటుందనుకున్నానేమో.

"ఆఫీసోళ్లకు నమ్మకం కుదిరింది. మంచిదే" అంది. బూట్ల తాళ్లు విప్పుతూ, నా వైపు చూడకుండా, "నాకింక కుదరలే" అంది.

నేనేం చేయాలని అడిగాను. అడగడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది.

"నన్ను అడుగుతవేంది. ముందుగాల బాపుకు ఫోన్ చెయ్యి."

ఫోన్ తీశాను. పేర్లన్నీ పైకీ కిందికీ జరిపాను. మేనమామ నంబర్లు రెండు, కన్సల్టెంటుది, ఫోటోగ్రాఫర్‌ది, గుర్రంవాడిది కూడా ఉంది. మామగారిది లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనకు నేను ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. నంబరు ఆమెనే అడగాల్సి వచ్చింది. ఒక్కో అంకె ఆగి ఆగి చెప్పింది.