చేను ఉన్న ఊరి కోర్టు

మా ఆయన పోయిన ఏడాదికే మా మరిది నా చేను దున్నేసుకున్నాడు. కేసు వేద్దామని తిరువూరు బస్సెక్కాను. కుదురుగా కూర్చోలేక కాగితాల సంచిని మాటిమాటికీ తడుముకుంటున్నాను.

"ఏంటమ్మా, సంచిలో కోడిపిల్ల ఉందా?" అన్నాడు పక్కనున్న పెద్దాయన.

సంగతి చెప్పాను.

"చేనెక్కడ?"

"మధిర పక్కనండి, తెలంగాణలో. నా రేషన్ కార్డు ఇటు ఆంధ్రాలో, పెనుగొలనుది. మాకు తిరువూరు కోర్టేగా?"

"కోర్టుకి రేషన్ కార్డెందుకమ్మా? నేల తగాదా నేలున్న చోటే వింటారు. నువ్వెళ్లాల్సింది మధిర."

ఆయనే లేచి బస్సు ఆపించి, నా సంచి కిందికి అందించాడు. "రోడ్డు దాటి నిలబడు. వెనక్కెళ్లే బస్సెక్కితే గంపలగూడెంలో మధిర బస్సు దొరుకుద్ది."

పేరు అడగాలన్న తెలివి లేకపోయింది నాకు. మూడేళ్లు మధిర తిరిగాను. మొన్న ఆ చేలో పత్తి నేనే తీశాను.