రెండు ప్లాన్లలోనూ లేని జామతోట

నేను పంచాయతీ సెక్రటరీగా పనిచేసిన ఊరు జహీరాబాద్‌కు ఎంత దగ్గరంటే, టౌన్ చివరి కాలనీలో డాబా మీద ఆరేసిన చీర గాలికి లేస్తే మా ఊరి చేలో పడేది. ఆ చేను పక్కనే, టౌన్‌కూ ఊరికీ నడుమ పాతిన హద్దురాయిని ఆనుకుని, ఒక అవ్వ జామతోట ఉండేది. ఎకరన్నర ఎర్రనేల, ఒక బావి, ఆమే ఆమె పెనిమిటీ కోహీర్ పక్క నుంచి మొక్కలు తెచ్చి నాటిన చెట్లు. పెనిమిటి పోయాడు, కూతురు పెళ్లయి రాయికోడ్ దగ్గరి ఊరికి పోయింది. ఇక ఆ తోటే ఆమెకు తిండీ, తోడూ. దాన్ని కాపాడే అవకాశం కొన్నాళ్లు నా చేతిలో ఉంది. నేను కాపాడలేదు. ఎందుకు కాపాడలేకపోయానో చెప్పుకోవడానికి నా దగ్గర కాగితాలు చాలానే ఉన్నాయి గానీ, అందులో మొదటి కాగితం మీది సంతకం నాదే.

నేను జహీరాబాద్‌లో అద్దెకుండి రోజూ ఆటోలో ఊరికి పోయేదాన్ని. నేను పోయే వేళకు అవ్వ గంప నెత్తిన పెట్టుకుని బస్టాండుకు పోతూ ఎదురొచ్చేది. ఆటో ఆపించి మరీ నా సంచిలో రెండు కాయలు పడేసేది. "తిను మేడం, కాగితాలు చూసి చూసి ఎండుకపోయినవ్" అనేది. పుట్టిల్లు బీదర్ అవతల. మంచిగా ఉన్నప్పుడు తెలుగు, కోపమొస్తే కన్నడం. నాకు కన్నడం రాదు కాబట్టి ఆమె నన్ను తిట్టిన తిట్లు చాలామటుకు నాకు తగల్లేదు.

టౌన్ పెరిగి పెరిగి ఆ రాయి దాకా వచ్చింది. ప్లాట్లు వేశారు, ఇళ్లు కట్టారు, ఇళ్ల నీళ్లు పోవడానికి సిమెంటుతో పెద్ద మోరి కట్టారు. మోరి నేరుగా హద్దురాయి దాకా వచ్చి అక్కడ నోరు తెరుచుకుని ఆగిపోయింది. సిమెంటు ఆగింది, నీళ్లు ఆగలేదు. ఎండాకాలం సన్నటి ధార తోట మూలకు వచ్చి ఇంకిపోయేది. వానాకాలం సంగతి అప్పటికింకా ఎవరికీ తెలియదు.

ఏటా ఊరి ప్లాన్ రాసేది సెక్రటరీలమే. ఊరివాళ్లను కూర్చోబెట్టి, ఏం కావాలో అడిగి, రాసి పైకి పంపాలి. టౌన్ వాళ్లు తమ ప్లాన్ తాము రాసుకుంటారు. రెండూ జిల్లాకు చేరితే అక్కడ ఒక్కచోట పెట్టి చూస్తారనీ, టౌన్ మోరి, ఊరి చేను ఒకే కంటికి కనపడతాయనీ ట్రైనింగ్‌లో రెండు రోజులు చెప్పారు. నేను బుద్ధిగా రాసుకున్నాను. ట్రైనింగ్‌లో చెప్పింది నమ్మే రకం మనిషిని నేను.

ఆ ఏడు గ్రామసభకు బడి ముందర నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీశాం. ఆడవాళ్లే గీశారు, నేను సుద్దముక్క పట్టుకుని పేర్లు రాశాను. అవ్వ వచ్చి ఒక మూల కూర్చుని తన బావికి గుండ్రంగా గీత గీసింది. తర్వాత లేచి నిలబడి చెప్పింది.

"నా బావికాడికి మోరినీళ్లు వస్తున్నయి. వానలు పడకముందే జర ఆ నీళ్లను పక్కకు మళ్లియ్యుండ్రి. లేకుంటే తోట మునుగుతది."

అడిగింది అంతే. ఒక కాలువ తవ్వి నీళ్లను పక్కనున్న బీడులోకి మళ్లించే పని. కానీ ఆ రోజుల్లోనే, రాయి పక్కనున్న మా ఊరి చేలన్నీ టౌన్‌లో కలుస్తున్నాయని మండలంలో చెప్పుకుంటున్నారు. కలిపే కాగితం ముసాయిదా నేను కళ్లారా చూశాను. నాకు తెలిసిన రహస్యం పదిమందికీ చెప్పుకునే అవకాశం దొరికిందని లోపల కొంత సంబరం కూడా ఉంది. అది ఒప్పుకోవాలి.

"అవ్వా, నీ తోట టౌన్ల కలుస్తున్నది. ఇగ నీ సంగతి టౌనోళ్లే చూస్తరు. మన ప్లాన్‌ల రాస్తే ఊరికి వచ్చేది ఒక పని తక్కువైతది" అన్నాను.

"అవ్వ ఇగ పట్నపు మనిషి. రేపటి సంది చీరకు ఇస్త్రీ చేసుకోవాలె" అన్నారెవరో. అందరూ నవ్వారు. అవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను వంగి ఆ మూల ముగ్గును అరచేత్తో చెరిపేశాను. అవ్వ నా మాట మీద నమ్మకంతో ఇంకేం అడగకుండా కూర్చుంది.

ప్లాన్ కంప్యూటర్‌లోకి ఎక్కించాం, గడువు ముగిసింది, లాక్ అయింది. నెల తిరగకముందే కలిపే పని ఆగిపోయింది. ఎందుకు ఆగిందో మా దాకా రాలేదు. ఎవరినడిగినా "పైన ఆగింది" అన్నారు. అలా అవ్వ తోట టౌన్‌లో కలవలేదు, మా ప్లాన్‌లోనూ లేదు.

వానలు పడ్డాయి. మూడో వానకు అవ్వ మనిషిని పంపితే పోయాను. చెట్ల మొదళ్లలో నల్లనీళ్లు నిలిచి ఉన్నాయి. షాంపూ కవర్లు, అన్నం మెతుకులు, ఎవరిదో చెప్పు ఒకటి తేలుతున్నాయి. బావిలోంచి అవ్వ బొక్కెనతో నీళ్లు తోడి నా ముందు పెట్టింది. నేను ముక్కు మూసుకోబోయి ఆమె ముందు మూసుకోలేక ఊరుకున్నాను.

టౌన్ ఆఫీసుకు పోయాను. అక్కడి ఇంజనీరు చెడ్డవాడు కాదు, కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. "రాయి ఇటుదిక్కు ఉన్నదంతా మేం చేసినం మేడం. రాయి అటుదిక్కు నేను ఒక్క పార మట్టి ఎత్తినా రేపు ఆడిట్‌ల నన్నే నిలబెడతరు" అన్నాడు. మండలానికి పోతే, "ఆ పని మీ ప్లాన్‌ల ఏది? సూపియ్యి" అన్నారు. చూపించడానికి ఏముంది? నేను చెరిపినచోట ఏమీ లేదు. వచ్చే ఏడు రాసుకోమన్నారు. చెట్లు వచ్చే ఏడు దాకా ఆగుతాయా అని అడిగాను. మండలం ఆఫీసరు ఫైల్‌లో తల పెట్టాడు.

ఊళ్లో నలుగురిని పోగుచేసి మోరి నోటికి ఇసుక బస్తాలు అడ్డం వేయించాను. నీళ్లు వెనక్కి తన్ని టౌన్ వాళ్ల గల్లీలోకి ఎక్కాయి. పొద్దున్నే వాళ్లొచ్చి బస్తాలు లాగిపారేసి, మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టిపోయారు. వాళ్ల ఇళ్లలోకి నీళ్లొస్తే వాళ్లకు కోపం రాదా? ఆ రోజు వాళ్లదే న్యాయమనిపించింది, అవ్వదీ న్యాయమే అనిపించింది, నాకు పిచ్చెక్కినట్టయింది.

జామకు వేళ్లు నానితే కొమ్మ చివర్ల నుంచి ఎండుతూ వస్తుంది. ఆకు పసుపుపచ్చగా మారి, ముట్టుకుంటే రాలుతుంది. గట్టున ఉన్న చెట్లు మాత్రం ఇంకా కాస్తున్నాయి. ఒక రోజు బస్టాండులో అవ్వ ఆ కాయలు పెట్టుకుని కూర్చుంటే నేను పక్కనే బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఒకాయన కాయలు ఏరుకుని, "ఎక్కడివి?" అని అడిగాడు. హద్దురాయి పక్కన తన తోటవేనని అవ్వ ఎప్పటిలాగే గొప్పగా చెప్పింది. ఆయన, "మోరి పక్క తోటవా?" అంటూ ఏరిన కాయలు ఒక్కొక్కటీ గంపలో పెట్టేసి, చేతులు రుమాలుకు తుడుచుకుని పోయాడు. ఆయన మా కాలనీ ఆయనే. నాకు ఆ గంప ఎత్తి ఆయన వీపున విసరాలనిపించింది. విసరలేదు, బస్సెక్కాను.

ఇక మిగిలింది జిల్లా. అర్జీ రాసుకుని అవ్వను వెంటబెట్టుకుని జిల్లా కేంద్రానికి పోయాను. పొద్దున పోతే మధ్యాహ్నం దాటాక పిలిచారు. ఆ అధికారి ఓపికగా విన్నాడు. బీరువాలోంచి రెండు పెద్ద కట్టలు తీయించాడు. ఒకటి పట్టణాలది, ఒకటి ఊళ్లది. రెండింటికీ కలిపి ఒక అట్ట, ఒక దారం. దాన్నే జిల్లా ప్లాన్ అంటారని నాకు అప్పుడు తెలిసింది. పట్టణాల కట్టలో మోరి పేజీ తీశాడు, అది రాయి దగ్గర అయిపోయింది. ఊళ్ల కట్టలో మా ఊరి పేజీ తీశాడు, అదీ రాయికి ఇవతలే అయిపోయింది.

"మీరు చెప్పే జాగా రెండిట్లోనూ లేదమ్మా" అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

అవ్వ నిలబడి చేతులు జోడించి అడిగింది. "లేకుంటే నా చెట్లెక్కడున్నయి సారూ?"

ఆయన నా వైపు చూశాడు. నేను కట్ట వైపు చూశాను. మూల ఎవరు చెరిపారో చెప్పడానికి అదే సమయం. నేను చెప్పలేదు. అవ్వ కూడా చెప్పలేదు. ఆమెకు ఆ రోజు గుర్తుండే ఉంటుంది. గుర్తున్నా నలుగురిలో నన్ను పట్టివ్వలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అవ్వ మెల్లగా అడిగింది.

"మీ ఇల్లు ఆ కొత్త కాలనీలనే గదా బిడ్డా?"

"అవునవ్వా."

"బోళ్లు తోముకున్న నీళ్లు ఎటు పోతయి?"

"నాకు తెల్వదు" అన్నాను. తెలుసు. మా వాకిట్లోంచి చిన్న మోరి, దాని నుంచి పెద్ద మోరి, ఆ తర్వాత రాయి. అవ్వ కన్నడంలో ఏదో అంది. కోపంగా లేదు ఆ గొంతు. అర్థం చెప్పమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత మూడు రోజులు గిన్నెలు కడిగిన నీళ్లు బకెట్‌లో పట్టి డాబా మీది పూలకుండీల్లో పోశాను. "నీకేమన్న అయిందా, మొక్కలు సస్తున్నయి" అన్నాడు మా ఆయన. నాలుగో రోజు మానేశాను. సింకులోంచి నీళ్లు గుటగుటమని దిగిపోతుంటే వంటింట్లో నిలబడి ఏడ్చాను. నేనొక్కదాన్ని ఆపితే ఆగే నీళ్లు కావు అవి.

మరుసటి ఏడు గ్రామసభ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. ఊరి ప్లాన్‌లో మొదటి పని అదే రాయించాను. టౌన్ ఆఫీసు మెట్లు ఎక్కీ దిగీ, ఇంజనీరు ప్రాణం తోడేసి, వాళ్ల ప్లాన్‌లోనూ అదే పని రాయించాను. ఈసారి రెండు కట్టల్లోనూ ఒకే మాట ఉంది. జిల్లాలో మంజూరైంది. ఊరూ పట్నమూ కలిసి చేసుకున్న ప్లాన్ అంటే ఇదీ అని మీటింగులో మెచ్చుకున్నారట. ఆ సంగతి ఇంజనీరు ఫోనులో చెబుతుంటే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. పోయిన చెట్లు పోగా, గట్టు మీద ఇంకా కొన్ని బతికి ఉన్నాయి, బావిని తోడితే బాగవుతుంది అని లెక్కలు వేసుకున్నాను.

వారం తర్వాత డ్రాయింగ్ వచ్చింది. బీడులోకి కాలువ లేదు. ఆ బీడును అప్పటికే ప్లాట్లు చేసి అమ్మేశారు. మోరినీళ్లు నిలబెట్టి శుభ్రం చేసే కుంట ఒకటి కట్టాలట. నీళ్లు తమంతట తాము చేరే పల్లపు జాగాలో కట్టాలట. అలాంటి జాగా ఒక్కటే ఉంది. సర్వే నంబరు చూడకముందే నాకు అర్థమైపోయింది. ఇంజనీరు దగ్గరికి పరుగెత్తాను. "ఇంకెక్కడ కట్టాలె మేడం, మీరే చెప్పుండ్రి" అన్నాడు.

భూమి ఇస్తున్నట్టు ఒప్పుకోలు కాగితం తీసుకుని, స్టాంపు ప్యాడ్ సంచిలో వేసుకుని, పట్టపగలు తోటకు పోయాను. అవ్వ బావి గట్టున కూర్చుని ఎండుకొమ్మలు విరిచి మోపు కడుతోంది. నన్ను చూసి నవ్వింది.

"మంజూరైందంట గదా, ఊర్ల అనుకుంటున్నరు. నా తోట కాగితం మీదికొచ్చిందా బిడ్డా?"

"వచ్చిందవ్వా."

"ఏమని రాసిన్రు?"

చదివి వినిపించాను. అవ్వ చేతిలో కొమ్మ పక్కన పెట్టింది.

"వేలు నిషాని పెట్టకుంటే?"

"పని ఆగుతది. నీళ్లు గిట్లనే వస్తయి."

"పెడితే?"

"ఈడ కుంట కడతరు."

"అంటే పెట్టినా నీళ్లు ఈడికే, పెట్టకున్నా ఈడికే." గట్టు మీది చెట్ల వైపు చూసింది. "గా ముచ్చట చెప్పనీకి ఇన్ని దినాలు తిరిగినవా తల్లీ" అంది. ఎగతాళి కాదు. నా కాళ్లు నొప్పి పుట్టి ఉంటాయని నిజంగానే అనుకుంది.

పెట్టొద్దవ్వా అని నోటిదాకా వచ్చింది. పెట్టకపోతే ఏం చేయాలో నాకు తెలిస్తే అనేదాన్ని. ఆమె తనే చెయ్యి చాపింది. నేను బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద ఒత్తి కాగితం మీద అద్దించాను. ఏళ్ల తరబడి పారా బొక్కెనా పట్టిన వేలు, గీతలన్నీ అరిగిపోయి నల్లటి మచ్చే పడింది. ముద్ర స్పష్టంగా లేకపోతే కాగితం వెనక్కి పంపుతారు. నా కొంగుతో ఆమె వేలు తుడిచి మళ్లీ అద్దించాను.