ఆరో మంచం ముద్దాయి

చిర్రుబుర్రు సిస్టర్‌కి మనుషుల మీద కోపం రాదు, వాళ్ళ మెదడులోని భాగాల మీద వస్తుంది. తలదెబ్బల వార్డులో ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చేస్తున్నది అదే: పొద్దున్నే ఏడింటికి రావడం, ముప్పై మెదళ్ళను పేరుపేరునా చెడామడా తిట్టడం. ప్రతి మంచానికీ ఒక పలక వేలాడుతుంది. దానిమీద ఆరోజు ముద్దాయి ఎవరో, చేసిన నేరమేమిటో సుద్దముక్కతో రాస్తుంది. "ముద్దాయి: చిన్నమెదడు. నేరం: నాలుగడుగులకు నాలుగుసార్లు తూలడం." పెద్ద డాక్టరు కేస్ షీటు కన్నా ముందు పలకే చదివేవాడు. పైకి మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

నాలుగో మంచం ముసలాయన కుడిచెయ్యి లేవనంటే సిస్టర్ ఆయన ఎడమ కణత మీద వేలుపెట్టి దులిపేసేది.

"మొరాయిస్తున్నది కుడిచెయ్యి కదా సిస్టరూ?"

"ఆడించేవాడు ఎప్పుడూ అవతలి వీధిలోనే కూర్చుంటాడు తాతా! నువ్వూరుకో."

ఆరో మంచం మీద సరుకుల యార్డులో క్రేనుకు బరువులు తగిలించే కొక్కేలవాడు ఉన్నాడు. ఊగొచ్చిన కొక్కెం నుదుటికి కొట్టింది. పక్కన స్టూలు మీద ఇరవై రోజులుగా అతని భార్య, బట్టలు కుట్టే మనిషి. వార్డులో ఆమె పేరు టైలరమ్మ. పదకొండేళ్ళ కాపురంలో ఆమెను "ఒసే" అనైనా అనని మొగుడు ఇప్పుడు నోరు తెరిస్తే బూతులే.

"పాలు చల్లారిపోయాయే, గాడిదా!" గ్లాసు గోడకు తగిలి దొర్లింది.

సిస్టర్ తుపానులా వచ్చిపడింది. "సిగ్గులేదూ నీకు? మంచీ మర్యాదా చూడమని నుదుటి వెనక కాపలా పెడితే కునుకు తీస్తావా? లోపల ఆ కోపం గడ్డ బాదంగింజంత లేదు, అది అంతెత్తున లేస్తుంటే చెవి మెలేసి కూర్చోబెట్టొద్దూ?"

కొక్కేలవాడు ఎవరినంటోందో అని వెనక్కి తిరిగి చూశాడు.

"నిన్ను కాదు నాయనా. నీకు వేరే పాలు తెస్తారు, తాగు."

టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది. మొగుడు తనను తిడుతున్నాడు, ఈవిడ గాలిని తిడుతోంది! మధ్యాహ్నం వరండాలోకి వెళ్ళి అన్నకు ఫోను చేసింది. "అన్నయ్యా, రేపొచ్చి నన్ను తీసుకుపో. ఇన్నేళ్ళూ కడుపులో ఇంత పెట్టుకుని నాతో నవ్వుతూ తిరిగాడన్నమాట."

మర్నాడు అన్నకన్నా ముందు యార్డు సూపర్‌వైజర్ వచ్చాడు. ఒక చేతిలో బిస్కెట్ల పొట్లం, ఇంకో చేతిలో కాగితం.

"ఇక్కడో సంతకం పెట్టు తమ్ముడూ."

కొక్కేలవాడు నవ్వుతూ కలం అందుకున్నాడు. పెట్టమంటే కిటికీ మీదైనా పెట్టేలా ఉన్నాడు. టైలరమ్మ కాగితం లాక్కుని చదివింది. పైవాళ్ళను దూషించాడట. సొంత అజాగ్రత్తతో దెబ్బ తగిలించుకున్నాడట. ఇష్టపూర్వకంగా పని మానుకుంటున్నాడట.

"దెబ్బ తగిలాకే కదండీ తిట్టింది?"

"ముందో వెనకో, తిట్టాడా లేదామ్మా?"

"మరి హెల్మెట్ ఎందుకివ్వలేదు?"

"ఎందుకు లేవూ! నలభై ఉన్నాయి. స్టోర్‌లో."

ఉన్నాయి నిజమే. తనిఖీ రోజున నెత్తిన పెడతారు. సాయంత్రానికి తుడిచి, పాడైపోతాయని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. టైలరమ్మ ఆ మాటే అందరికీ వినబడేలా పైకి అనేసింది.

సిస్టర్ వచ్చి కొక్కేలవాడి చేతిలోంచి కలం లాగేసింది. వార్డంతా చెవులు రిక్కించింది. "ఈయనది ఏ భాగం సిస్టరూ?" నాలుగో మంచం తాత ఉండబట్టలేక అడిగాడు.

సిస్టర్ సూపర్‌వైజర్ కళ్ళలోకి టార్చి కొట్టింది. ఒంటికాలి మీద నిలబడమంది. ఆ గొంతుకు టక్కున నిలబడ్డాడు.

"చూపు బాగుంది. తూలడం లేదు. జ్ఞాపకం భేషుగ్గా ఉంది, హెల్మెట్లు నలభై అని గుర్తుంది. నుదుటి వెనక మెదడూ మెలకువగానే ఉంది, ఆచితూచే మాట్లాడుతోంది." సిస్టర్ ఊపిరి పీల్చుకుంది. "అయితే ఇక్కడ తిట్టడానికి నాకు మిగిలింది నువ్వే! బీరువా నెత్తిన హెల్మెట్ పెట్టి మనిషిని ఉత్త తలతో కొక్కెం కింద నిలబెడతావా? బీరువాకు బొప్పి కడుతుందనా? నీ తలకు ఏ దెబ్బా తగల్లేదు, తెలిసి తెలిసి చేశావు!"

ఆవిడ మనిషిని తిట్టడం వార్డు చూడ్డం అదే మొదలు. అరుపులకు పెద్ద డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. పనిచోట తగిలిన దెబ్బవల్ల ఈ రోగి ఏ కాగితం మీదా సంతకం చేసే స్థితిలో లేడని అదే కాగితం వెనక రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. సిస్టర్ దాని నకలు కార్మిక సంఘానికి పంపింది. కొక్కేలవాడి సంతకం కోసం వచ్చిన సూపర్‌వైజర్ డాక్టరు సంతకంతో వెళ్ళాడు, బిస్కెట్లు మర్చిపోయి.

టైలరమ్మ మెల్లగా అడిగింది. "ఆయన తిట్టేవన్నీ మనసులోవి కావా సిస్టరమ్మా?"

"అందుకేగా అమ్మాయ్ రోజూ గొంతు చించుకునేది! నేను మనిషిని తిడితే నువ్వూ మనిషినే తిడతావు. మూట కట్టుకుని పోతావు. భాగాన్ని తిడితే మనిషి మిగుల్తాడు."

"బాగవుతాడా?"

"కొంత. ఎంతో నాకు తెలీదు, అబద్ధం చెప్పను."

"మరి ఇందాకటి మీ కోపం ఏ భాగానిది?"

"అది నా సొంతం. ఎవరిమీదా నెట్టను. లే, అవతల మందులివ్వాలి."

ఫోను మోగింది. అన్న బస్టాండులో ఉన్నాడు.

"రావద్దన్నయ్యా. నేనిక్కడే ఉంటాను."

"తిడుతున్నాడని నిన్న ఏడ్చావు కదే!"

"ఆయన కాదన్నయ్యా, నుదురు తిట్టింది."

 అన్న చాలా మెత్తగా అన్నాడు. "ఎలాగూ అక్కడే ఉన్నావు కదమ్మా, ఓసారి నువ్వు కూడా ఆ డాక్టరుకి చూపించుకో."